రెండో రాత్రి కూడా ఉండు: మెక్సికో పసిఫిక్ తీరంలో బాస్కెట్‌బాల్ వెంట పన్నెండు రోజులు

అరిజోనాలోని మా ఊరు చాండ్లర్‌కి తిరిగొచ్చి నాలుగు రోజులైంది. బ్యాగులో బట్టలు ఇంకా తియ్యలేదు, తెరిస్తే ఎండుమిర్చీ నిమ్మకాయా కలిసిన వాసన వస్తోంది. అది పోయేలోపే రాసెయ్యాలని కూర్చున్నాను.

అరిజోనాలో ఉంటూ బాస్కెట్‌బాల్ ఇష్టమంటే అందరూ అమెరికా పెద్ద లీగ్ ఎన్‌బీఏలో ఆడే ఫీనిక్స్ సన్స్ గురించే మాట్లాడతారు. నాకూ ఇష్టమే. కానీ నేను కొనగలిగే సీటు పైకప్పుకి ఆనుకుని ఉంటుంది, అక్కణ్ణుంచి ఆట కన్నా పెద్ద తెరే ఎక్కువ కనబడుతుంది. భీమవరంలో కాలేజీ జట్టుకి పాయింట్ గార్డ్‌గా, అంటే బంతి తెచ్చి ఆట నడిపేవాడిగా ఆడాను. సిమెంటు కోర్టు మీద బంతి చప్పుడు, మీదకొచ్చేవాడి ఊపిరి, గట్టు మీంచి మా పీడీ సారు అరుపు, ఇవి వినబడితేనే నాకు ఆట చూసినట్టుంటుంది. ఆఫీసులో ఈ మాట అంటే పక్క సీటాయన, ఆయనది సొనోరా రాష్ట్రంలోని గ్వాయ్‌మాస్ అనే రేవు ఊరు, "అయితే సిబాకోపా చూడు" అన్నాడు. "కానీ ఒక్క ఆట చూసి వచ్చెయ్యకు. రెండో రాత్రి కూడా ఉండు."

సిబాకోపా అంటే మెక్సికో పసిఫిక్ తీరం ఊళ్ళ ప్రొఫెషనల్ లీగ్. 2001లో మొదలైంది. దేశమంతటికీ ఆడే పెద్ద లీగ్, ఎల్‌ఎన్‌బీపీ, వేరే ఉంది, అది 2000 నుంచి నడుస్తోంది. ఈ మధ్య అది జులై ఆగస్టుల్లో మొదలై సంవత్సరం చివరిదాకా సాగుతోంది. తీరం లీగ్ మాత్రం మార్చిలో మొదలై జూన్‌లో ముగుస్తుంది. అందుకే చాలామంది ఆటగాళ్ళు వసంతంలో ఇక్కడ, ఆ తర్వాత అక్కడ ఆడుతూ సంవత్సరమంతా బస్సుల్లోనే గడుపుతారు. ఇక్కడ ఇంకో పద్ధతుంది. వచ్చిన జట్టు ఒక ఆట ఆడి వెళ్ళిపోదు, అదే ఊళ్ళో, అదే జట్టుతో, వరసగా రెండు రాత్రులు ఆడుతుంది. ఈ రెండో రాత్రి సంగతి నాకు ముందు అర్థం కాలేదు.

బుధవారం, గురువారం – ఎర్మొసీయో

సొనోరా రాజధాని ఇది. ఏప్రిల్‌కే మన మే నెల ఎండ. సాయంత్రం యూనివర్సిటీ చుట్టుపక్కల బండ్ల దగ్గర జనం మూగి ఉన్నారు, అక్కడ అమ్మేవి దోగోస్. అంటే హాట్ డాగే, కానీ సాసేజీకి బేకన్ చుట్టి పెనం మీద ఎర్రగా కాల్చి, మెత్తటి బన్నులో పెట్టి, పైన ఉడికించిన చిక్కుడు గింజలూ టమాటా ఉల్లిపాయ ముక్కలూ వేసి, పక్కన కాల్చిన పచ్చిమిరపకాయ ఇస్తారు. ఒకటి 55 పేసోలు. పేసో అంటే మనకి దాదాపు 5 రూపాయలని లెక్క వేసుకోండి. రెండు తినేసరికి రాత్రి భోజనం అయిపోయింది.

పక్క బల్ల మీద తిని లేచిన ముసలాయన, నేనెవరో తెలియదు, వెళ్తూ వెళ్తూ నా వైపు తల ఊపి "ప్రొవేచో" అన్నాడు. నాకే అన్నాడా అని వెనక్కి చూశాను. తినేవాళ్ళని దాటి వెళ్ళేటప్పుడు ఇక్కడ ఎవరైనా ఆ మాట అంటారట, తిన్నది ఒంటికి పట్టాలని దాని అర్థం. మూడో రోజుకి నేనూ అనడం మొదలుపెట్టాను, ఇక్కడికొచ్చాక కూడా ఆఫీసు క్యాంటీన్లో నోటి దాకా వస్తోంది.

గురువారం రాత్రి ఆట. ఊరి జట్టు పేరు రాయోస్, మెరుపులని అర్థం. టికెట్టు 150 పేసోలు, మూడో వరస. బూట్ల కీచుకీచు, స్క్రీన్ పెట్టేటప్పుడు, అంటే తమవాడికి దారివ్వడానికి ఎదుటివాడికి అడ్డంగా నిలబడేటప్పుడు, భుజం భుజం తగిలిన చప్పుడు, కోచ్ స్పానిష్‌లో మొదలుపెట్టి మధ్యలో ఇంగ్లీషులోకి మారి అమెరికన్ కుర్రాళ్ళని కేకలేయడం, అన్నీ వినిపిస్తున్నాయి. ప్రతి జట్టులోనూ కొందరు అమెరికన్లుంటారు, వాళ్ళని రెఫ్వెర్సోస్ అంటారు, జట్టుకి బలం చేకూర్చడానికి తెచ్చుకున్నవాళ్ళన్న మాట. ముందు వరసలో ఒక పిల్లాడు తిహ్వానా జట్టు సోంకీస్ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. ఆ ఊళ్ళో పూర్వం నుంచీ గాడిదలకి జీబ్రా చారలు పూసి టూరిస్టులతో ఫొటోలు తీయిస్తారు, నలుపు తెలుపు ఫొటోల్లో గాడిద సరిగ్గా కనపడాలని మొదలుపెట్టిన పని అది, జట్టు పేరూ దాన్నుంచే వచ్చింది.

నా కుడి పక్కన డెబ్భై దాటిన ఒకావిడ, ఒళ్ళో చిన్న నోటుపుస్తకం. ఎవరు ఏ వైపు నుంచి బంతి వేశారో ఆవిడ గీతలు పెడుతోంది. మధ్యలో నిలువు గీత, ఎడమ వైపు వేస్తే ఎడమన ఒక టిక్కు, కుడి వైపు అయితే కుడిన ఇంకోటి. వచ్చిన జట్టులో ఒక గార్డ్ పేరు కింద ఎడమ వైపు టిక్కులు చీమల బారులా ఉన్నాయి, కుడి వైపు రెండే. ఆ కుర్రాడే ఆఖరి నిమిషంలో ఎడమ వైపు నుంచి దూసుకొచ్చి ఆట తీసుకెళ్ళిపోయాడు. నాకు కడుపులో దేవినట్టయింది, ఆ ఊరు నాది కాకపోయినా. ఆవిడ మాత్రం పుస్తకం మూసి, పెన్ను దానికి రబ్బరు బ్యాండుతో బిగించి, నా వైపు తిరిగి "మన్యానా" అంది. రేపు.

శుక్రవారం – ఇంకా ఎర్మొసీయోలోనే

పొద్దున విల్యా దె సెరిస్ అనే పేటకి వెళ్ళాను, కొయోతాలు అక్కడే ప్రసిద్ధి. గోధుమపిండి రొట్టెలు రెండు, మధ్యలో బెల్లం, పొయ్యిలో కాలిస్తే కరకరలాడతాయి. బెల్లాన్ని వీళ్ళు పిలోన్‌సీయో అంటారు, మన అచ్చు బెల్లమే, శంకు ఆకారంలో ఉంటుంది. వేడివేడిది విరిస్తే లోపల బెల్లం పాకం తీగలా సాగింది. పూర్ణం లేని బొబ్బట్టు కరకరలాడితే ఎలా ఉంటుందో అలా ఉంది. ప్యాకెట్టు 70 పేసోలు, మూడు కొన్నాను, ఒకటి బస్సులోనే అయిపోయింది.

రెండో రాత్రి అదే సీటు, అదే పక్కావిడ. ఆ ఎడమ వైపు కుర్రాడికి రాయోస్ వాళ్ళు ఈసారి ఎడమ దారి మూసేశారు. అతన్ని కాసే మనిషి ఎదురుగా నిలబడకుండా ఒక అడుగు పక్కకి జరిగి, ఒళ్ళంతా అతని ఎడమ భుజం మీదకి వంచి, కుడి వైపు తలుపు బార్లా తీసి పెట్టాడు. పాపం ఆ కుర్రాడు కుడి వైపు వెళ్ళాడు, వెళ్ళిన ప్రతిసారీ అక్కడ బాస్కెట్ కాసే పొడుగాటి ఆటగాడు, సెంటర్, చేతులు చాచుకుని ఉన్నాడు. మూడుసార్లు బంతి పోయింది. నాలుగోసారి లోపలికి వెళ్ళకుండా మూలకి పాస్ ఇచ్చాడు, అక్కడివాడు దూరం నుంచి త్రీ పాయింటర్, మూడు పాయింట్ల బంతి, వేశాడు. అంటే వాళ్ళూ పొద్దుట్నుంచీ ఆలోచించుకునే వచ్చారు! ఒక రాత్రి తెలిసినది మర్నాడు రాత్రి పనికొస్తుంది, ఎదుటివాళ్ళకీ అంతే. ఎన్‌బీఏలో అయితే ఒకే జట్టుతో వరసగా ఆడే ప్లేఆఫ్‌ల దాకా ఆగితే గాని ఇది ఇంత స్పష్టంగా కనబడదు. ఇక్కడ ఒక మామూలు ఏప్రిల్ శుక్రవారం కళ్ళ ముందు జరుగుతోంది. రాయోస్ గెలిచారు. ఆవిడ పుస్తకంలో నాకు ఒక పేజీ చూపించింది, కుడి వైపు టిక్కుల పక్కన చిన్న చిన్న ఇంటూ గుర్తులు.

రెండూ గెలిస్తే 'బర్రీదా' అంటారు, ఊడ్చెయ్యడం. మన దగ్గరా ఊడ్చేశారనే అంటాం కదా.

శనివారం, ఆదివారం – గ్వాయ్‌మాస్

మా ఆఫీసాయన వాళ్ళమ్మగారింట్లో బస. నేను వద్దన్నా వినలేదు, హోటల్లో ఉంటే మా అమ్మ నాతో మాట్లాడదు అన్నాడు. వెళ్ళగానే ఆవిడ గ్లాసుడు ఎర్రటి చల్లటి నీళ్ళిచ్చింది, పుల్లగా తియ్యగా ఉంది. హమైకా అంది. దేంతో చేస్తారంటే వంటింట్లోంచి ఎండు రేకలు గుప్పెడు తెచ్చి చేతిలో పెట్టింది. చూడగానే తెలిసింది, ఎర్ర గోంగూర కాయ చుట్టూ ఉండే రేకలు! ఆకు తింటారా అనడిగితే ఆవిడ ఆశ్చర్యపోయింది. గోంగూర పచ్చడి ఫొటో ఫోనులో చూపించి, వేడన్నంలో నెయ్యి వేసుకుని ఎలా కలుపుకోవాలో చేత్తో చూపించాను. ఆవిడ నా చెయ్యి అలాగే చూసి, తన చేత్తో గాల్లో కలిపి నవ్వింది.

సాయంత్రం రేవుకి వెళ్ళాం. రొయ్యల పడవలు ఒకదానికొకటి తాళ్ళతో కట్టేసి వరసలు వరసలుగా నిలబెట్టి ఉన్నాయి, వలలు పైకి చుట్టేసి. మార్చి నుంచి సెప్టెంబరు దాకా సముద్రంలో రొయ్యల వేట నిషేధం, ఇక్కడ దాన్ని వేదా అంటారు. మనకి తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఉన్నట్టే, వీళ్ళకి ఇంకా పెద్దది. అక్కడ నిలబడ్డప్పుడే తట్టింది, బాస్కెట్‌బాల్ సీజన్ కూడా సరిగ్గా ఈ నెలల్లోనే. జట్టు పేరు ఒస్తియొనెరోస్, అంటే ఆల్చిప్పలు ఏరేవాళ్ళు. పడవలు ఒడ్డునున్నప్పుడు పడవల వాళ్ళు గ్యాలరీలో ఉంటారు.

నిజంగానే ఉన్నారు. ఎండకి నల్లబడి బీటలు వారిన చేతులు, తాడు లాగినట్టే మొత్తం వరస వరసా కలిసి చప్పట్లు కొడతారు. టికెట్టు 100 పేసోలే. మా ఆఫీసాయన వాళ్ళమ్మగారి తమ్ముడు, ముప్ఫై ఏళ్ళు పడవ మీద వంటవాడిగా చేసి మానేశాడు, నాకు పక్కన కూర్చుని మెక్సికో బాస్కెట్‌బాల్ చరిత్ర చెప్పాడు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ మొదటిసారి పెడితే, ఆరుబయట మట్టి కోర్టుల మీద, మెక్సికో పోలండ్‌ని 26–12తో ఓడించి కంచు పతకం తెచ్చుకుంది. ఆయన అప్పటికి పుట్టనే లేదు. కానీ ఇరవై ఆరు, పన్నెండు అని వేళ్ళతో సహా చూపించి చెబుతుంటే పక్కవాళ్ళు తలలూపారు. మట్టి కోర్టు అనగానే నాకు మా హైస్కూలు గ్రౌండు గుర్తొచ్చింది, వానాకాలం బంతి ఎగరదు, జారుతుంది.

ఇక్కడ ఎక్కువసేపు ఆట కన్నా ఒక మనిషిని చూశాను. సముద్రపు గాలికి నేల చెమ్మగిల్లుతుంది, తలుపులన్నీ తీసి పెడతారు కాబట్టి. బాస్కెట్ కింద ఒక నడివయసాయన మోకాళ్ళ మీద కూర్చుని ఉంటాడు, కుడి కాలి కింద తడి పీల్చే తువ్వాలు, చేతిలో ఇంకోటి. ఎవరైనా పడితే, లేచేలోపే ఆయన అక్కడుంటాడు. చెమట మరకని బయటి నుంచి లోపలికి గుండ్రంగా తుడిచి, చివర అరచేత్తో ఒకసారి రాసి చూసుకుని, ఆ చేతిని ప్యాంటుకి రుద్దుకుని వెనక్కి. ఆట మళ్ళీ మొదలయ్యేలోపు. రెండు రాత్రుల్లో ఒక్కసారి కూడా రెఫరీ ఆయన కోసం ఆగలేదు. ఆదివారం ఆట అయ్యాక వచ్చిన జట్టు కెప్టెన్, వాళ్ళు ఓడిపోయారు కూడా, ముందు ఆయన దగ్గరికి వెళ్ళి చెయ్యి కలిపాడు, తర్వాతే ఎదుటి జట్టుకి.

శనివారం రాత్రి రెండు జట్లూ ఒకే బండి దగ్గర టాకోలు తిన్నాయి. గంట క్రితం ఒకర్నొకరు మోచేతులతో పొడుచుకున్నవాళ్ళు సాల్సా గిన్నె అటూ ఇటూ అందించుకుంటున్నారు. రేపు మళ్ళీ పొడుచుకోవాలి కదా, ఎక్కువ తినకండి అని బండాయన వాళ్ళని గదమాయిస్తున్నాడు.

సోమ, మంగళ, బుధ – రోడ్డు

సోమవారం మా ఆఫీసాయన వాళ్ళమ్మగారు వెళ్ళనివ్వలేదు. మంగళవారం దక్షిణానికి. యాకీ లోయ దారి పొడుగునా గోధుమ చేలు, కోతకొచ్చి పసుపు బంగారంలా. సియుదాద్ ఒబ్రెగాన్ దగ్గర ఈ పొలాల్లోనే గోధుమ శాస్త్రవేత్త నార్మన్ బోర్లాగ్ పనిచేశాడు. 1966లో మన దేశం మెక్సికో నుంచి 18,000 టన్నుల గోధుమ విత్తనాలు తెప్పించుకుంది. ఇక్కడి పేరు పెట్టుకున్న సొనోరా 64 అనే గోధుమ రకం కూడా ఆ రోజుల్లోనే మనకి చేరింది. చదువుకున్నప్పుడు హరిత విప్లవం అని పరీక్ష కోసం బట్టీ పట్టిన పాఠం ఇది. కిటికీ అద్దానికి ముఖం ఆనించి అలా చూస్తూ ఉండిపోయాను.

ఒబ్రెగాన్ దాటాక బస్సు ఆగిపోయింది. ఇంకో బస్సు వస్తుందన్నారు, 'అవొరీత' అన్నారు, ఇప్పుడే అని అర్థం. మూడు గంటలు పట్టింది. డబ్బులేమీ వెనక్కి ఇవ్వలేదు, ఏసీ లేని బస్సులో మిగతా దారంతా తీసుకెళ్ళారు, ఆ బాధ్యత లేనితనం మీద నాకు ఇప్పటికీ కోపంగానే ఉంది, చంటిపిల్లలున్నారు ఆ బస్సులో. రోడ్డు పక్క చెట్టు కింద ఒక కుటుంబం సంచీలోంచి కమలాపళ్ళు తీసి ఒలిచి, ఉప్పూ కారం చల్లి అందరికీ పంచింది. రాత్రి లోస్ మోచిస్ చేరి పడుకున్నాను. మర్నాడంతా అక్కడే, బట్టలు ఉతుక్కోవడమే పని.

గురువారం, శుక్రవారం – గ్వసావె

ఇది సినలోవా రాష్ట్రం. గ్వాదలహారాలో ఐటీలో పనిచేస్తున్న మా బామ్మర్ది ఇక్కడ నన్ను కలిశాడు, స్పానిష్ నాకన్నా బాగా వచ్చు. రాగానే నన్ను చూసి, "ఏంటండి బావగారూ, ఇలా నల్లబడిపోయారు, అక్క నన్ను తిడుతుందండి" అన్నాడు. "ముందు టికెట్లు కొనరా, మీ అక్క సంగతి తర్వాత" అన్నాను.

చిన్న ఊరు, చుట్టూ మొక్కజొన్న. మన తణుకో పాలకొల్లో అనుకోండి. అలాంటి ఊరికి ప్రొఫెషనల్ జట్టు! పేరు ఫ్రైలెస్, సన్యాసులని అర్థం. టికెట్టు 120 పేసోలు. సన్యాసుల జట్టే గాని జిమ్ములో నిశ్శబ్దమన్నది లేదు, ఎందుకంటే గ్యాలరీలో బ్యాండు మేళం ఉంది. సినలోవా బ్యాండంటే ట్యూబాలు, క్లారినెట్లు, ట్రంపెట్లు, వాటన్నిటి వెనక తంబోరా అనే పెద్ద డోలు. ఊరి జట్టు బాస్కెట్ వేసినప్పుడల్లా డోలు రెండు దెబ్బలు, త్రీ వేస్తే మొత్తం మేళం. మా ఊళ్ళో పెళ్ళి ఊరేగింపులో సన్నాయి వాళ్ళు ఎదురుగా వచ్చి ఊదినప్పుడు ఛాతీలో ఎలా అదురుతుందో అలా అదిరింది. ఎదుటివాళ్ళు ఫ్రీ త్రో వేసేటప్పుడు మేళం మొదలుపెట్టి, బంతి చెయ్యి వదిలే క్షణానికి ఠక్కున ఆపేస్తారు. ఆ ఆగడమే వాళ్ళ గురి తప్పిస్తుందని పక్కాయన చెప్పాడు. రెండు రాత్రులూ లెక్కపెట్టాను, ఆయన మాట నిజమే అనిపించింది.

హాఫ్ టైమ్‌లో పిల్లలు కోర్టు మీదకి దూకేశారు, ఎవరూ ఆపలేదు. ఇక్కడ పిల్లల్ని ప్లేబెస్ అంటారు. "ప్లేబెస్, చాలు, చాలు" అని మైకులో బతిమాలితే గాని దిగలేదు.

ఆట అయ్యాక బయట గ్లాసులో మొక్కజొన్న గింజలు అమ్ముతున్నారు, మీద నిమ్మరసం, కారం, క్రీమ్, జున్నుపొడి, 40 పేసోలు. క్రీమ్ వద్దన్నాను, అప్పుడది అచ్చం మన బీచ్ దగ్గర పొత్తు. లైన్లో నా ముందు ఫ్రైలెస్ జట్టు అమెరికన్ ఒకడు, మోకాలికి ఇంకా ఐస్ కట్టుకునే ఉన్నాడు. మూడో సంవత్సరమట ఈ తీరంలో. వాళ్ళు ఆ రాత్రి ఓడిపోయారు, అతను ఆఖరి రెండు ఫ్రీ త్రోలూ పోగొట్టాడు. నేను ఆ సంగతి ఎత్తలేదు, అతనే ఎత్తాడు. "వేరే చోటయితే విమానమెక్కి వెళ్ళిపోతాం, మర్చిపోతాం. ఇక్కడ రేపు అదే రింగ్, అదే గీత, ఈ కారం మొక్కజొన్న అమ్మే ఆవిడతో సహా అదే జనం" అన్నాడు. మొక్కజొన్నావిడ అతని దగ్గర డబ్బు తీసుకోలేదు. "రేపు వెయ్యి, అప్పుడు ఇద్దువు గాని" అందట, బామ్మర్ది చెప్పాడు.

శుక్రవారం మూడో క్వార్టర్లో అతనికి ఫ్రీ త్రోలు వచ్చాయి. బ్యాండు తమవాడికి కాబట్టి మౌనంగా ఉంది. నాలుగు వేల కళ్ళు అంటారే, నిజంగా ఎంతమంది ఉన్నారో నాకు తెలీదు గాని ఆ జిమ్ములో ఫ్యాను చప్పుడు వినబడింది. రెండూ పడ్డాయి. ఎవరో వెనక నుంచి ఆ మొక్కజొన్నావిడ పేరు పెట్టి అరిచారు, గ్యాలరీ అంతా గొల్లున నవ్వింది. అంటే రాత్రికి రాత్రే ఊరంతా తెలిసిపోయిందన్న మాట.

శనివారం, ఆదివారం – మసత్లాన్

ఇక్కడ దారి తప్పాం. జట్టు పేరు వెనాదోస్, జింకలు. మసత్లాన్ అన్న పేరుకే పాత నవాత్ల్ భాషలో జింకల నేల అని అర్థం. ఈ ఊళ్ళో పుల్మొనీయా అని పక్కలు తెరిచి ఉండే చిన్న కార్ల ట్యాక్సీలుంటాయి, సముద్రం పక్కనే వెళ్తుంటే గాలి మొహానికి కొడుతుంది, బామ్మర్ది పాట అందుకున్నాడు. "వెనాదోస్ ఆటకి" అన్నాం. తీసుకెళ్ళి తెయొదోరో మరిస్కాల్ స్టేడియం ముందు దింపాడు. చీకటి, తాళం. అది బేస్‌బాల్ స్టేడియం! బేస్‌బాల్ జట్టు పేరూ వెనాదోసే, వాళ్ళ సీజన్ చలికాలంలో. వాచ్‌మన్ బయటికొచ్చి నవ్వి, వెళ్ళిపోతున్న బండిని ఈలేసి ఆపాడు. డ్రైవరు చాలా నొచ్చుకున్నాడు, రెండో ప్రయాణానికి డబ్బు వద్దంటే బలవంతాన 100 పేసోలు చేతిలో పెట్టాం. దారంతా ఒరాసియో యామాస్ గురించి చెప్పాడు. ఇక్కడికి దక్షిణాన ఉన్న ఎల్ రొసారియో ఆయన ఊరు, ఎన్‌బీఏలో ఆడిన మొట్టమొదటి మెక్సికన్, 1997లో. ఏ జట్టుకి అనుకున్నారు? మా ఫీనిక్స్ సన్స్‌కే. నేను ఫీనిక్స్ పక్కనుంచే వచ్చానంటే ఆయన బండి నడుపుతూనే వెనక్కి తిరిగి చెయ్యిచ్చాడు. ఇన్నేళ్ళు అక్కడుండి ఆ పేరు నాకు ఎవరూ చెప్పలేదు.

మొదటి క్వార్టర్ పోయింది, మిగతాది చూశాం. ఊరి జట్టు తేలిగ్గా గెలిచింది.

ఆదివారం పొద్దున రొయ్యల బజారు. అకీలెస్ సెర్దాన్ వీధిలో చంగెరాస్ అని పిలిచే ఆడవాళ్ళు వరసగా టబ్బులు పెట్టుకుని, ఐసు మీద రొయ్యలు పోసి అమ్ముతారు. ఒకావిడ టబ్బు ముందు నిలబడ్డాను. లేత బూడిద రంగు, పల్చటి పొట్టు, తెల్లటి కాళ్ళు. "బావగారూ, ఇవి మన వనామి కాదాండి?" అన్నాడు బామ్మర్ది. మనవే. కాదు, వీళ్ళవే. మన చెరువుల్లో పెంచే వనామి రొయ్య పుట్టిల్లు ఈ సముద్రమే, సొనోరా నుంచి పెరూ దాకా ఉన్న ఈ తీరమే. మన దేశానికి 2009లో అనుమతిచ్చి తెచ్చుకున్నారు. అంతకు ముందు మా నాన్న టైగర్ రొయ్య వేసి, వైట్ స్పాట్ రోగం వచ్చి, రెండు పంటలు వరసగా పోయి, చెరువు గట్టు మీద మాట్లాడకుండా కూర్చున్న రోజులు నాకు తెలుసు. వనామి వచ్చాకే నా ఫీజు కట్టారు, నేను ఈ దేశాల దాకా వచ్చాను. ఒకటి చేతిలోకి తీసుకుని చూస్తే 40 కౌంటు, అంటే కేజీకి 40 తూగే సైజు, ఉంటుంది. అక్కణ్ణుంచే నాన్నకి వీడియో కాల్ చేశాను. ఆయన ఆ టబ్బు వంక చూసి, ఆవిడకి దండం పెట్టారు. ఆవిడ ఐసు చేత్తోనే తిరిగి చెయ్యి ఊపింది. తర్వాత నాన్న మామూలు మనిషై, "ఏరా, కేజీ ఎంత చెబుతున్నారు?" అన్నారు.

మధ్యాహ్నం అగ్వాచీలె తిన్నాం, పచ్చి రొయ్యల్ని నిమ్మరసంలో, చిల్తెపీన్ అనే మిరియమంత మిరపకాయలు నూరి నానబెట్టిన వంటకం, పైన కీరా, ఉల్లి. ప్లేటు 220 పేసోలు. పచ్చి రొయ్య అంటే నాకు బెరుకుగానే ఉంది, కానీ మొదటి ముద్దకే కారం చెవుల్లోంచి వచ్చింది, రెండోదానికి చెయ్యి ఆగలేదు.

రాత్రి రెండో ఆట. ముందు రాత్రి చిత్తుగా ఓడిన జట్టు, ఈసారి మొదటి నుంచీ ప్రతి రీబౌండ్‌కీ ఇద్దరిద్దరు ఎగిరారు. వాళ్ళ బెంచీ మీద ఒక పొట్టి కుర్రాడు, శనివారం అసలు ఆడనివాడు, ఆటంతా నిలబడే ఉండి వెనాదోస్ వాళ్ళు పిలుచుకునే ప్రతి ఎత్తుగడ పేరునీ తమవాళ్ళకి ముందే అరిచి చెబుతున్నాడు. శనివారం కూర్చుని నేర్చుకున్నాడవి. నాలుగో క్వార్టర్లో వెనాదోస్ కోచ్ చేత్తో నోరు మూసుకుని చెప్పడం మొదలుపెట్టాడు. అయినా లాభం లేకపోయింది, వచ్చినవాళ్ళే గెలిచారు. సీటు పక్కాయన లేచి నిలబడి ఆ పొట్టి కుర్రాడికి చప్పట్లు కొట్టాడు, వెనాదోస్ చొక్కా వేసుకుని.

మేం బయటికొచ్చేసరికి పదిన్నర. జిమ్ము వెనక వాళ్ళ బస్సు ఇంజను ఆన్ చేసి ఉంది. సామాన్ల మనిషి తలుపు దగ్గర నిలబడి బ్యాగులు లెక్కపెడుతున్నాడు, ఒకటి తక్కువొచ్చి మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. తమాలెస్, అంటే మొక్కజొన్న పిండిని పొట్లంలో చుట్టి ఉడికించినవి, అమ్మే ఒకావిడ గిన్నె చంకన పెట్టుకుని మెట్లెక్కి బస్సులోకి వెళ్ళింది, కిటికీల్లోంచి చేతులు లేవడం కనిపించింది. ఆ పొట్టి కుర్రాడు అందరికన్నా ఆఖరున వచ్చాడు, తప్పిపోయిన బ్యాగు అతని భుజానే ఉంది. రాత్రంతా ప్రయాణమట, మంగళవారం ఇంకో ఊళ్ళో మళ్ళీ ఆట.